ఎదురు నడిచే మనిషి

మూడో రౌండు సగంలోనే ఝాన్సీ సిమెంటు బెంచీ మీద కూలబడింది.

"ఇంకా రెండున్నాయమ్మా. లెగు."

మళ్ళీ ఆయనే.

పొద్దున్నపూట రైల్వే గ్రౌండులో అందరూ ఒకవైపు నడుస్తారు. ఆ సన్నటి పెద్దాయన మాత్రం ఎదురు దిక్కున నడుస్తాడు. రౌండుకి రెండుసార్లు ఎదురుపడతాడు. ఎదురుపడ్డప్పుడల్లా ఆమె ఎన్నో రౌండులో ఉందో చెబుతాడు.

నెల రోజులుగా ఇదే వరస. ఝాన్సీకి ఒళ్ళు మండిపోయేది.

అసలే బరువు దిగడం లేదు. మొదటి మూడు వారాల్లో మూడు కిలోలు తగ్గింది. ఆ తర్వాత పన్నెండు రోజులుగా మెషీను ముల్లు ఒకేచోట మొండికేసింది. అన్నం మానేసింది. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు ముట్టకుండా పక్కకి నెట్టింది. అయినా అంతే.

తార్‌బహార్ రైల్వే కాలనీలో తమ క్వార్టర్‌కి వెళితే తమ్ముడు శివాజీ పచ్చబడ్డ కళ్ళతో మంచం మీద ఉంటాడు. "అక్కా, ఇవాళెంత?" అని రోజూ అడిగేవాడు. ఈ మధ్య అడగడం మానేశాడు. అడిగినదానికన్నా అదే ఎక్కువ నొప్పి.

"లెగమ్మా. ఒళ్ళు చల్లారిపోతే మళ్ళీ కష్టం."

"అంకుల్, మీ పని మీరు చూసుకోండి."

"రెండే కదా."

ఝాన్సీకి ఇక కోపం ఆగలేదు.

"పుట్టుకతో సన్నగా ఉన్నవాళ్ళు ఎన్నయినా చెబుతారు. మా తమ్ముడికి నా లివర్‌లో ముక్క ఇవ్వాలి. దానికి కొవ్వు పట్టిందట. ఎనిమిది కిలోలు తగ్గితేగానీ ఆపరేషన్ చెయ్యరట. నేనిక్కడ సరదాకి తిరగడం లేదు. మీకేం తెలుసు నా బాధ?"

పెద్దాయన బెంచీ దగ్గరికి వచ్చాడు.

"ఎన్నాళ్ళు టైమిచ్చారు?"

"ఇంకో రెండు నెలలు."

"అచ్ఛా. అయితే సాయంత్రం కూడా రా. నేనుంటాను."

అయ్యోపాపం అన్న మాట ఒక్కటీ లేదు. ఝాన్సీ విసురుగా లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

మూడు రోజులు గ్రౌండు వైపు తొంగిచూడలేదు. మూడో రోజు కోపం పట్టలేక నాలుగు సమోసాలు తింది. తిని, కుళాయి తిప్పి బాత్రూంలో ఏడ్చింది.

నాలుగో రోజు పొద్దున్న ఐదున్నరకి ఇంటి గేటు చప్పుడైంది. ఆయనే.

"మా ఇల్లు ఎలా తెలిసింది?"

"అడిగితే సెప్పారు. పద."

"నా వల్ల కాదంకుల్. ముల్లు కదలడం లేదు."

"కదల్దు. కొన్నాళ్ళు అలాగే ఏడిపిస్తాది. తర్వాత దిగుతాది. కోపమొస్తే నన్ను తిట్టుకుంటానే నడు."

తిట్టుకుంటూనే నడిచింది. పొద్దున్న ఐదు రౌండ్లు, సాయంత్రం ఐదు. వానొస్తే ఆయన గొడుగు పట్టుకుని ఎదురొచ్చేవాడు. ఇద్దరి మధ్యా అంకెలు తప్ప వేరే మాటల్లేవు. ఆయన పేరు కూడా ఆమె అడగలేదు.

ఒకనాడు ముల్లు కదిలింది. గడువుకి నాలుగు రోజుల ముందు డాక్టరు రిపోర్టులు చూసి సరేనన్నాడు. మర్నాడే హైదరాబాద్ బండి. ఆ హడావిడిలో ఆయనకి చెప్పలేదు. నిజానికి, పీడ వదిలిందనే అనుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున్న శివాజీ తన కాళ్ళ మీద నడుస్తూ అక్కతో గ్రౌండుకి వచ్చాడు.

అందరూ ఒకవైపే నడుస్తున్నారు. ఎదురు వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

రెండు రౌండ్లు చూసి, గేటు దగ్గర టీ అమ్మే అప్పయమ్మని అడిగింది.

"పిన్నీ, ఎదురు నడిచే పెద్దాయన రావడం లేదా?"

"ఎర్రయ్య గారా? పోయిన నెల రిటైరైపోనాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఊరెళ్ళిపోనాడు."

"ఏ ఊరు? ఫోన్ నంబరుందా?"

"పలాస అవతల ఏదో అన్నాడు. నంబరు నాకెందుకిస్తాడమ్మా?"

ఝాన్సీ బల్ల మీద కూర్చుంది.

"ఒక్క మంచిమాటైనా చెప్పలేదు పిన్నీ ఆయనకి. పుట్టుకతో సన్నగా ఉన్న మనిషికి నా బాధ ఏం తెలుసని నోటికొచ్చినట్టు అన్నాను."

అప్పయమ్మ గ్లాసు కడగడం ఆపింది.

"పుట్టుకతో సన్నగా ఏటమ్మా? మూడేళ్ళ కిందట తొంభై కిలోలుండీవోడు. కూతురికి లివర్ ఇవ్వాలని ఈ గ్రౌండులోనే పొద్దూ మాపూ తిరిగినాడు. డాక్టరు సెప్పిన బరువుకి ఇంకొక్క కిలో తగ్గాలనగా ఆ పిల్ల పోనాది."