అమ్మ మాట తెలిసిన వీధి

"మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నీళ్లు రోజు విడిచి రోజు. ఈ కొంపలో నీకు నచ్చిందేమిటో అదొక్కటి చెప్పు," అంది భార్య, బ్రోకరు వినేట్టుగానే.

అతను కిటికీ తలుపు తోసి, "విను," అన్నాడు.

కింద కూరగాయల కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు వాదించుకుంటున్నారు. మంగలి షాపులోంచి ఎవరో ఎవరినో కేకేశారు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతనికీ కాలేదు. అది అతని తల్లి పుట్టింటి భాష అని మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి తేరుకున్నాక, పెద్దావిడకు కాపురానికొచ్చి నేర్చుకున్న భాష మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. పుట్టింటి మాటలే మిగిలాయి. తర్వాత నేర్చుకున్నదే ఒక్కోసారి ముందు పోతుందన్నాడు డాక్టరు. మిగిలిన ఆ భాష కొడుక్కి రాదు. బడికెళ్లే రోజుల్లో, స్నేహితుల ముందు ఆ మాటలేమిటని అమ్మ నోరు మూయించింది అతనే.

"పార్కు పక్క ఇల్లయితే మా క్లినిక్‌కి ఐదు నిమిషాలు," అంది భార్య. "ఇక్కణ్ణించి రెండు బస్సులు మారాలి. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషివి, వెతికి వెతికి లిఫ్టు లేని ఇల్లు పట్టుకున్నావు. అత్తయ్యని ఒకసారి పైకెక్కిస్తే మళ్లీ దింపగలమా?"

"దిగి ఎక్కడికెళ్తుంది? అమ్మకి పార్కు కాదు, మాట కావాలి. అక్కడ చుట్టూ అందరూ మన భాషవాళ్లే. గోడలతో మాట్లాడుకుంటుందా?"

"నువ్వు చేసేదేదో చెయ్. తర్వాత నన్నేమీ అనకు."

బ్రోకరు ఇద్దరి మొహాలూ చూసి, ఎందుకైనా మంచిదని తాళంచెవి అతని చేతిలోనే పెట్టాడు.

ఆదివారం నాడు తోటి మెకానిక్కులు ముగ్గురూ అతనూ కలిసి పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ఒక్కో మెట్టుకీ ఆవిడ ఏదో అంటూనే ఉంది. తిట్టిందో దీవించిందో ఎవరికీ తెలియదు.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో నాడు అతను పని నుంచి వచ్చేసరికి అమ్మ కుర్చీ గుమ్మం బయట ఉంది. ఎదురువాటా ఆవిడ ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో ఎవరిదో కోటు పెట్టుకుని గుండీలు కుడుతోంది. దుకాణాల నుంచి బట్టలు తెచ్చుకుని ఇంట్లోనే కుట్టే మనిషి. అమ్మ చచ్చుబడని చెయ్యి గాల్లో తిప్పుతూ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఆవిడ ఊఁ కొడుతోంది, తల పంకిస్తోంది, మధ్యలో అయ్యో అన్నట్టు నాలిక చప్పరిస్తోంది. చివరికి ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అమ్మ నవ్వి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తులేదు.

"చూశావా?" అన్నాడు భార్యతో ఆ సాయంత్రం.

"చూశాను. రెండు బస్సులు కాదు, మూడు మారినా ఇంక మాట్లాడను," అంది ఆమె.

దాంతో అతని గుండెల మీది బరువు దిగిపోయింది. వరస డ్యూటీలు ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఏదో మొదలుపెట్టేది. ఆ చూపు తట్టుకోలేక, "రేపు ఎదురింటావిడకి చెప్పుకో అమ్మా, ఆవిడకైతే తెలుస్తుంది," అని మెల్లిగా చెయ్యి విడిపించుకునేవాడు. ఎదురింటావిడ కనిపిస్తే దణ్ణం పెట్టేవాడు. ఆవిడా సూది పట్టుకున్న చేత్తోనే దణ్ణం పెట్టేది. అంతకుమించి ఇద్దరికీ తీరిక ఉండేది కాదు.

చలి మొదలయ్యే రోజుల్లో, ఒక తెల్లవారుజామున, అమ్మ నిద్రలోనే పోయింది. ముందురోజు మధ్యాహ్నం ఎదురింటావిడతో చాలాసేపు మాట్లాడిందట. అతను ఆ వేళప్పుడు ఊరి చివర ఎవరిదో లిఫ్టు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

రెండు వారాల తర్వాత ఒక సెలవు రోజు, కొత్త నోటుపుస్తకం కొనుక్కుని ఎదురింటి తలుపు తట్టాడు. ఆవిడ లోపలికి రమ్మని, కుర్చీ మీది బట్టల మూట తీసి కింద పెట్టింది.

"మీ రుణం తీర్చుకోలేనండీ," అన్నాడు. "ఒక్క సాయం అడుగుదామని వచ్చాను. అమ్మ ఏ ఊళ్లో పెరిగిందో, ఎవరితో ఆడుకుందో, నాన్న దగ్గరికి ఎలా వచ్చిందో నాకేమీ తెలియదు. అడగలేదు. అడగాలనుకునేసరికి అమ్మకి మన భాష పోయింది. ఈ ఏడెనిమిది నెలల్లో మీతో అన్నీ చెప్పే ఉంటుంది. గుర్తున్నంత వరకూ చెప్పండి, రాసుకుంటాను. నా గురించి ఏమైనా తిట్టినా సరే, దాచకండి."

పుస్తకం తెరిచి, పైన అమ్మ పేరు రాసి, తలెత్తాడు.

ఆవిడ సూదిని బట్టకి గుచ్చి పక్కన పెట్టింది. ఖాళీ పేజీ వంక, అతని మొహం వంక చూసింది.

"నేనూ ఈ వీధికి పరాయిదాన్నే బాబూ. అద్దె తక్కువని వచ్చాను," అంది నెమ్మదిగా. "మీ అమ్మగారి భాష నాకు ఒక్క ముక్క రాదు. ఎదురుగా ఎవరైనా కూర్చుంటే చాలు, ఆవిడే చెప్పుకుపోయేవారు."