మాటలు తక్కువున్న మగవేషం

“మగవేషం ఒకటుండాలి. కానీ వాడు ఎక్కువ మాట్లాడకూడదు,” అంది డింప్నా, లైబ్రరీ బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి.

“మా ఇంట్లోనూ అదే పద్ధతండీ,” అన్నాడు లైబ్రేరియన్ కోల్మన్.

ఆవిడ నవ్వలేదు. మామూలు రోజైతే నవ్వేది. పశ్చిమ ఐర్లండు మొత్తంలో ఆవిడ చదివినన్ని పొట్టి నాటకాలు వాటిని అచ్చువేసినవాళ్ళు కూడా చదివి ఉండరు. నాలుగు వేలంటే తగ్గించి చెప్పినట్టే. ఊరి నాటక బృందానికి ముప్ఫై ఏళ్ళుగా, ఏటా చలికాలానికి ముందు, నాటకం వెతికిపెట్టే పని ఆవిడదే. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగాడు, ఒకే గది, నలభై నిమిషాలు. చర్చి పక్క హాల్లో అంతకుమించి పట్టదు. ఆ ఒక్క మగాడూ ఆవిడ మొగుడు మాలకీ.

ఇప్పుడు ఆవిడ భయమంతా మాలకీ గురించే.

మొదట వంటింటి అలమారల మీద చీటీలు వెలిశాయి. కప్పులు ఇక్కడ, టీ పొడి ఇక్కడ, అంటూ మాలకీ చేతిరాతతో. నలభై మూడేళ్ళు అదే వంటింట్లో టీ కాచుకున్న మనిషికి కప్పులెక్కడున్నాయో చెప్పడానికి చీటీ కావలసివచ్చింది. తర్వాత, పొద్దున్నే రొట్టెకు వెన్న రాసుకుంటూ ఇవాళ ఏ వారమని అడగడం మొదలుపెట్టాడు. ఆవిడ చెబితే, పాఠం అప్పజెప్పించుకున్న పంతులులా తలూపేవాడు. బజారుకి వెళ్తే వెనకాలే ఫోను. ఎక్కడున్నావు, ఎందుకెళ్ళావు, ఏ దారిన వస్తున్నావు. అన్నీ చెప్పే బయల్దేరాను కదా అనుకుంటూనే, మళ్ళీ మొదటినుంచీ ఓపిగ్గా చెప్పేది.

ఆవిడ తండ్రికీ ఇలాగే మొదలైంది. చివరికి ఒకరోజు కన్నకూతుర్ని చూసి ఉత్తరాలు పంచే అమ్మాయి అనుకుని, సంతకం ఎక్కడ పెట్టమంటావమ్మా అని అడిగాడు. ఆ మాట చెవిలోంచి పోలేదు.

బృందంలో ఎవరికీ ఆవిడ ఈ సంగతి చెప్పలేదు. చెబితే జాలిపడతారు, జాలిపడి వేషం తీసేస్తారు. స్టేజీ దింపితే మాలకీ పొయ్యిపక్క కుర్చీలో కూలబడి మరి లేవడు. అందుకని ఎవరికీ అనుమానం రాకుండా, నోరు తెరిచే పని తక్కువున్న వేషం దొరకాలి.

నాలుగు వేలన్నాను గదా, అంత లేదు లెండి. నాలుగు వందలు అనుకోండి. వాటిల్లోనూ సగం ఆవిడ చివరి పేజీ చూసి మూసేసినవే, ఎవరైనా చచ్చిపోతారేమోనని. ఊళ్ళో చావులు చాలవా, టిక్కెట్టు కొని మరీ చూడాలా అంటారు అక్కడి జనం.

కోల్మన్ కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాడు. అరల వైపు వెళ్ళకుండానే సొరుగులోంచి ఒక పల్చటి పుస్తకం తీసి ఇచ్చాడు.

“మీకే ముందు చూపిద్దామని దాచాను, డింప్నా గారూ.”

బస్సు కోసం నిలబడి, వాన చూస్తూ, అక్కడే చదివేసింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక పక్కింటావిడ, పొగగొట్టం బాగుచెయ్యడానికి వచ్చిన ఒక మనిషి. అతను నోరు తెరిచేది మొత్తం పదకొండుసార్లు. ఎవరూ చావరు. మొదటిసారి తొడిగినా కరవని చెప్పుల్లా హాయిగా ఉంది నాటకం. ఎవరో పెన్సిలుతో గీతలు కూడా గీశారు, సరిగ్గా ఆవిడ గీద్దామనుకున్న చోటల్లా.

శనివారం మధ్యాహ్నం హాల్లో ఆ కొత్త నాటకం మొదటిసారి చదవడానికి కూర్చున్నారు. బృందాన్ని నడిపించే అట్రాక్టా టీ పోస్తూ, దీన్ని ఎక్కడ పట్టావే అని అడిగింది. వెతికితే ఎందుకు దొరకదు అంది డింప్నా, మొగుడి వైపు చూస్తూ.

మాలకీ కళ్ళజోడు తేలేదు.

పుస్తకం ఆయన ఒళ్ళో మూసే ఉంది. ఆయన వంతు దగ్గరపడుతోంది. ఆపుదామా, కళ్ళు తిరుగుతున్నాయని కింద పడదామా, టీ ఒలకబోద్దామా అని ఆవిడ చెయ్యి కప్పు మీదికి పోయింది. అట్రాక్టా తన మాట ముగించింది.

“గొట్టంలో కాకి గూడు పెట్టిందమ్మా,” అన్నాడు మాలకీ, ఎదురుగా గోడను చూస్తూ. “దాన్ని లేపమంటారా, మిమ్మల్ని చలికి వదిలెయ్యమంటారా?”

పొల్లు పోలేదు. మిగతా పదిసార్లూ అలాగే చెప్పాడు, పుస్తకం తెరవకుండా. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అట్రాక్టా ఎందుకో కళ్ళు తుడుచుకుంది. కాకి భలే నవ్వించిందే అంది.

ఇంటికి నడుస్తూ డింప్నా ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇంట్లో ఒక్కసారి చూసేసరికి నోటికొచ్చేసిందే నీకు.”

“నువ్వు తెచ్చేవి అలాగే ఉంటాయి.”

“వచ్చే ఏడు ఇంకా మంచిది తెస్తాను.”

“తే,” అన్నాడాయన. నాలుగడుగులు వేశాక, ఇవాళ ఏ వారం అని అడిగాడు.

పోయిన భయం మొత్తం తిరిగొచ్చింది. కాస్త ఆలోచించి, ఆయన నొచ్చుకోకుండా మెల్లిగా, శనివారం అని చెప్పింది. ఆయన తలూపి, చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, దాన్ని కొత్త నాటకం అనడం. మూడేళ్ళుగా ఆవిడ వెతికి తెస్తున్నది అదే నాటకం, ఆ పెన్సిలు గీతలూ ఆవిడవే.