అరకిలో వంటసోడా

"అంత సోడా ఎందుకండీ? మనమేమన్నా బజ్జీల బండి పెడతన్నామా?"

సత్యదుర్గ నవ్వుతూనే అడిగింది. బాబ్జీ నవ్వలేదు. రాజోలు బజారులో కొన్న అరకిలో పొట్లం విప్పి, చిన్న గిన్నెలో రెండు చెంచాలు పోసి ఫ్రిజ్‌లో ఓ మూల పెట్టాడు.

"మూత పెట్టకు. రేపటికల్లా ఆ చేపల వాసన పోద్ది," అన్నాడు.

ఊరందరి లెక్కలో కువైట్ కంపెనీ సూపర్‌వైజరు. అక్కడ ఏడేళ్ళు చేసి, ఇక వెళ్ళనంటూ తిరిగొచ్చిన మొగుడతను. వచ్చి పది రోజులైంది. వెళ్ళకముందు తిన్న కంచం కూడా తీసి ఎరగడు. ఇప్పుడేమో మాడిన పాలగిన్నెలో సోడానీళ్ళు మరిగించి మాడంతా ఊడదీశాడు. సింకులో సోడా పోసి నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది, మీద వేడినీళ్ళు పోస్తే నెలరోజుల అడ్డు తొలగిపోయింది. పరుపు మీద చల్లి దులిపాడు. ఆఖరికి ఆనపపాదునీ వదల్లేదు. ఆకులకు పట్టిన బూడిద తెగులుకి, నాలుగు లీటర్ల నీళ్ళలో చెంచాడు సోడా, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి చల్లపొద్దున కొట్టాడు.

పక్కింటి ముత్యాలు ముక్కున వేలేసుకుంది. "పెట్టి పుట్టేవమ్మా!" అని పోయింది.

ఆ మాట సత్యదుర్గకి ముల్లులా గుచ్చుకుంది. మగాడికి ఇంటిపని గాల్లోంచి వచ్చి పడదు. పక్కన నిలబడి నేర్పిన ఆడది ఎవరో ఉండాలి.

"ఇయ్యన్నీ ఎవరు నేర్పేరండీ?"

"ఎవరు నేర్పుతారు? రూములో అందరం చేసుకునేవోళ్ళం."

"అందరూ మగాళ్ళేనా?"

"ఆయ్."

మొహం చూడకుండా చెప్పాడు. కుళాయి మీది తెల్లమరకలు రుద్దుతూనే ఉన్నాడు.

పైగా ఆ ఫోనొకటి. మోగితే చాలు, కొబ్బరితోటలోకి నడుస్తాడు. ఓసారి పేరు ఆమె కంట పడనే పడింది.

"ప్రసన్న ఎవరండీ?"

"అక్కడ... పనిచేసే చోట మనిషి."

"అందరూ మగాళ్ళే అన్నారు కదండీ మొన్న?"

"అది రూములో. పనిలో ఆడోళ్ళుండరా ఏంటి?" అని విసుక్కున్నాడు.

సత్యదుర్గకి ఆ పూట అన్నం సహించలేదు. ఏడేళ్ళు! వరద ఇంట్లోకొస్తే పిల్లని భుజానేసుకుని పడవెక్కింది. మామగారు మంచాన పడితే ఒంటిచేత్తో చూసుకుంది. సూపర్‌వైజరుగారి భార్యనన్న గర్వమే ఆమెకి బలం. అక్కడ ఆయనకి ఇంకో కాపురం ఉంటే, ఇదంతా ఎవరికోసం చేసినట్టు? నిజమని తేలితే పిల్లని తీసుకుని అంతర్వేదిలో పుట్టింటికి పోవడమే అనుకుంది. బట్టల సంచి కూడా సర్దేసింది.

మర్నాడు బాబ్జీ స్నానానికి వెళ్ళగానే ఫోను మోగింది. ప్రసన్న! ఎత్తి, మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకుంది.

"బాబ్జీగారండీ, మూడు రోజుల్నించీ ఫోనెత్తరేంటండీ?"

ఆడగొంతే. పైగా మనవైపు మాటే.

"ఆయన స్నానం చేస్తన్నారు. నేను ఆయన భార్యని. మీరెవరు?"

"సత్యదుర్గగారాండీ? నమస్కారమండీ. మాది కొత్తపేటండీ. ఆయనతోపాటే పనిచేసేదాన్నండీ. మీ మాట చెప్పని రోజు లేదండీ ఆయన."

"మా ఆయనతో మీకేం పని?"

"నాక్కాదండీ, అమ్మగారికి. ఆయన్ని ఎలాగైనా వెనక్కి రప్పించమని నా ప్రాణం తీసేస్తన్నారండీ."

ఒకతె కాదు, ఇద్దరన్నమాట! సత్యదుర్గ గోడకి ఆనుకుంది.

"ఎవరా అమ్మగారు? ఆవిడకి మా ఆయనే ఎందుకు?"

"ఆయనలా బాత్‌రూములు కడిగే మనిషి ఇంకొకరు దొరకలేదండీ."