మసక కన్ను

“మూడు నెలలా! అన్నాళ్ళు కుదరదమ్మా. తొందరగా తగ్గే దారి చూడండి” అన్నాడు దర్జీ.

కళ్ళ డాక్టరమ్మ నవ్వింది. “రక్తనాళం పూడుకుపోయి కంటి వెనక పొరలో నీరు చేరింది పెద్దాయనా. ఈ లేజర్ మెత్తనిది. కాల్చదు, మచ్చ పెట్టదు. వాపు కూడా మెల్లగానే తీస్తుంది. ఏం, షాపు నిండా బట్టలు పేరుకుపోయాయా?”

“నా తొందర నాదిలెండి.”

పక్కనే నిలబడ్డ కూతురు, “ఒక్క నిమిషం డాక్టర్‌గారూ” అంటూ ఆమెను వరండాలోకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది.

“నాన్నకి లివర్ క్యాన్సరండీ. రెండు నెలలే అన్నారు. ఆయనకి మాత్రం అల్సర్ అని చెప్పాం. ఆ మూడు నెలల మాట ఇంక ఎత్తకండి. కన్ను బాగవుతుందన్న ఆశతోనైనా నాలుగు ముద్దలు తింటారు.”

డాక్టరమ్మ ఆమె భుజం తట్టి లోపలికి వచ్చింది. దర్జీ కంట్లో చుక్కలు వేసింది. గడ్డం మిషన్ మీద ఆనించి, కంటికి లెన్సు పెట్టింది.

“నా చెవి వైపు చూడండి. కదలకండి.”

కాసేపటికి లెన్సు తీసేసింది.

“మొదలెట్టారా అమ్మా?”

“అయిపోయింది కూడా.”

దర్జీ కన్ను తుడుచుకుంటూ తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

“మా పిల్ల బయట ఏం చెప్పిందో నాకు తెలుసు. రిపోర్టు తీసుకెళ్ళి బీరువాలో బట్టల మడతల్లో దాచింది. బట్టల్లో దాస్తే దర్జీకి దొరకదా, పిచ్చిది! మసక ఒక కంటికేగా. రెండో కంటితో చదివాను.”

డాక్టరమ్మ చేతిలోని లెన్సు పక్కన పెట్టింది.

“నాకు తెలుసని దానికి చెప్పకండి. నా ముందు నవ్వడానికి పొద్దస్తమానం నానా అవస్థ పడుతోంది. తెలిసిందంటే ఇంక తట్టుకోలేదు.”

“అన్నీ తెలిసి... మరి ఈ కంటి కోసం ఇంత ఆరాటం ఎందుకు పెద్దాయనా?”

దర్జీ మొహమాటంగా తల దించుకున్నాడు.

“నేను పోయాక కళ్ళు తీసుకోమని సంతకం పెట్టానమ్మా. ఎవరికిస్తారో ఏమో... మసక కన్ను ఎలా అంటగట్టను?”