మొరిగే కుక్కే కావాలి

కుక్కలు వద్దని గేటుకు బోర్డు కొట్టించిన పెద్దమనుషుల్లారా, తప్పు మీదే.

నెలనెలా మీటింగు పెడతారు. చాయ్ తాగుతారు. కుక్క మొరిగితే నిద్ర చెడుతుందని రూలు రాస్తారు. పిల్లలు ఊరికే నొక్కుతున్నారని గంట తీగ పీకిస్తారు. జనరేటర్‌లో డీజిల్ పోయించండంటే దండగ అంటారు. బాన్సువాడలో నాలుగంతస్తులు లేచేసరికి మీకు చెవులు కూడా మారిపోయాయా?

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది.

సంగీత గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. పిల్లలిద్దరూ ఆమెకు అతుక్కుపోయి ఉన్నారు. పక్కన కూరగాయల సంచి. పట్టపగలే చీకటి. గాలి లేదు.

"అమ్మా, తలుపు తియ్యే," అన్నాడు మూడేళ్ల బిట్టు.

"తీస్తరు బిడ్డా. జరంత ఆగు."

ఎవరు తీస్తారు? తలుపు బాదీ బాదీ ఆమె అరచేతులు వాచాయి. అరిచీ అరిచీ గొంతు జీరపోయింది. భర్త భాస్కర్ కోటగిరిలో వరికోత మిషన్ మీద ఉన్నాడు. ఎవరికి ఫోన్ చేసినా కలవడం లేదు.

బిట్టు పెదవి వణికింది. వాడు ఏడవకూడదు. ఏడిస్తే ఆయాసం వస్తుంది. దవాఖానలో ఇచ్చిన, మందు పీల్చే పంపు ఇప్పుడు చేతికందే చోట లేదు. వాడిని ఏడవనివ్వకపోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉంది.

సంగీత ఫోన్ వెలిగించింది.

"కుక్కపిల్లను తెస్తానంటిని గదా? ఏది తేవాలె, చెప్పుండ్రి."

పిట్లంలో కుక్కపిల్లలు అమ్మే మునీర్ పొద్దున్నే మూడు ఫొటోలు పంపాడు. చిన్న ఫ్లాటు, చిన్న పిల్లలు, సరిపోయేది చెప్పన్నా అని ఆమే అడిగింది. చప్పుడు చేయని కుక్కను తెస్తే బోర్డు పెట్టినవాళ్లకు తెలియదని ఆమె ఆలోచన.

మొదటిది పసుపుపచ్చని లాబ్రడార్.

"గిదే, గిదే!" అంది ఆరేళ్ల ప్రియాంక.

"మంచిదే. మీద పడి ఆడినా ఏమనదట. గనీ ఏడాదిల నీ అంత అయితది. కాళ్లు సాపుకోనీకి మనకే జాగ లేకపాయె."

రెండోది పగ్. చప్పిడి ముక్కు, ముడతల మొహం.

"గిది మొరగనే మొరగదట. ఒళ్లో పండుకుంటదట."

"మరి గిదే తెద్దాం."

"ఉక్కపోతకు దానికి దమ్ము ఆడదు," అంది సంగీత. అనగానే నాలుక కరుచుకుంది. బిట్టు ఆమె మొహంలోకి చూస్తున్నాడు. టక్కున మూడో ఫొటో చూపించింది.

డోంగ్లి వైపు నుంచి వచ్చిన ఊరకుక్క పిల్ల. గోధుమ రంగు. ఒక చెవి నిలబడింది, ఒకటి వాలింది.

"మునీరన్న ఏమన్నడంటే, ఏది పెడితే అది తింటది, పిల్లలు తోక గుంజినా ఊకుంటది. గనీ దీనికి నోరు పెద్దది."

"మనింట్ల నోరు పెద్ద కుక్క ఉండనే ఉన్నది," అంది ప్రియాంక. "గీ బిట్టుగాడే. నా బిస్కెట్లు గూడ వాడే తింటడు."

బిట్టు కిసుక్కున నవ్వాడు. సంగీతకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే తలుపు అవతల మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"అక్కా! ఎవలది? జర ఆగుండ్రి!"

సంగీతతో పాటు ప్రియాంక కూడా అరిచింది. బిట్టు బావురుమన్నాడు.

చెప్పులు ఆగలేదు. పక్క ఫ్లాటు రాధాకుమారి ఫోన్‌లో ఎవరితోనో అంటూ దిగిపోయింది: "ఏం లేదు, మా సంగీత పిల్లలు. పొద్దుందాక గిదే లొల్లి. అలవాటైపోయింది తియ్యి."

చప్పుడు దూరమైంది. బిట్టు ఏడుపు ఆపలేదు. మెడ కింద గుంట పడుతోంది. లోపల సన్నగా ఈల మొదలైంది.

సంగీత వాడి వీపు రాస్తూ మూడో ఫొటో మీద వేలు పెట్టింది.

"గిదే తెద్దాం. గీ నోరు పెద్దదే."

"మొరిగితే బోర్డు పెట్టిన భూమేశ్ అంకుల్ లొల్లి చేస్తడు గదనే?"

"చెయ్యనీ. అది ఎట్ల మొరుగుతదో చూద్దాం. నువ్వు, నేను మొరుగుదాం. బిట్టూ, నువ్వు పోలీసువి. నోరు తెరువద్దు. ఎవలు గట్టిగ మొరిగితే వాళ్లకు వేలు చూపియ్యి."

"మనుషులు మొరుగుతరా అమ్మా?" ప్రియాంకకు సిగ్గేసింది.

"మొరుగు బిడ్డా. నీకు దండం పెడత, మొరుగు."

సంగీతే మొదలుపెట్టింది. తలుపు సందుకు నోరు ఆనించి, భౌ భౌ అని. డిగ్రీ చదివిన మనిషి. అద్దెకు దిగిన రోజు మొదలు ఎవరితోనూ పెద్ద గొంతుతో మాట్లాడని మనిషి. పక్కన ప్రియాంక సన్నగా అందుకుంది, తర్వాత గట్టిగా. బిట్టు వేలు అమ్మ వైపు లేచింది. సగంలోనే వాలిపోయింది.

ఆమె ఇంకా గట్టిగా మొరిగింది.

పైన ఒక తలుపు తెరుచుకుంది. కింద ఇంకొకటి. ఎక్కడెక్కడి తలుపులో తెరుచుకున్నాయి. మెట్ల మీద పరుగులు. అందరికంటే ముందు సంఘం అధ్యక్షుడు భూమేశ్ గొంతు.

"ఎవలింట్లదిరా గా కుక్క? గేటుకు బోర్డు కనవడ్తలేదా? ఇప్పుడే బయటికి తియ్యాలె!"

సంగీత తలుపును రెండు చేతులా బాదింది.

"కుక్క లేదు గిక్క లేదు భూమేశన్నా, గంట సేపటి సంది రెండంతస్తుల నడుమ లిఫ్టుల ఇరుక్కున్నం, బిట్టుకు దమ్ము ఆడ్తలేదు, తాళంచెవి తెచ్చి ముందుగాల గీ తలుపు తెరువుండ్రి!"