బెల్లం స్టాలు ముందు మనిషి

బెల్లం అచ్చు చేతిలోకి తీసుకుంటాడు. అటూ ఇటూ తిప్పుతాడు. మళ్లీ అక్కడే పెట్టేస్తాడు.

పొద్దుట్నించీ ఆ మనిషిది అదే పని.

"కొంటావా, కొనవా బాబూ?" నూకరత్నం విసుక్కుంది.

అతను స్టాలు మీది బోర్డు చూపించాడు.

"చోడవరమా మీది?"

గొంతు బొంగురు. ఆ రెండు మాటలకే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వంగిపోయి దగ్గాడు. బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు ముక్కు మూసుకుని పక్క స్టాలుకి వెళ్లిపోయారు.

"ఆ, చోడవరమే. బేరాలు సెడగొట్టక ఎల్లు."

అతను కదల్లేదు. వెనక కూర్చుని పొట్లాలు కడుతున్న గౌతమినే చూస్తున్నాడు.

విశాఖలో రెండు రోజుల డ్వాక్రా ఎగ్జిబిషన్. గౌతమి రానంటే రానంది. భర్త ఉమామహేష్ పోయాక ఆమె గడప దాటడమే మానేసింది.

"పగలు అమ్మకం, సాయంత్రం సముద్రం. నాలుగు మొకాలు సూస్తావు, రాయే" అని నూకరత్నం, అచ్చియ్యమ్మ చెరో చెయ్యీ పట్టుకుని బస్సెక్కించారు. మొదటిరోజు సాయంత్రం సబ్‌మెరైన్ మ్యూజియంలో అచ్చియ్యమ్మ నెత్తి గుమ్మానికి ఠంగున కొట్టుకుంటే గౌతమి నవ్వింది కూడా. ఎన్నాళ్లకో.

"అమ్మా" అని పిలిచాడతను. "మీ ఆయన పేరేటమ్మా?"

పొట్లం కడుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఆ గుంట మొగుడి పేరు నీకెందుకయ్యా?" అచ్చియ్యమ్మ లేచింది. "ఓ సెక్యూరిటీ బాబూ, ఇలారా!"

అతను దగ్గుతూనే జనంలో కలిసిపోయాడు.

సాయంత్రం సామాను సర్దేశారు. బస్సుకి ఇంకా టైముందని బీచికి వెళ్లారు. నూకరత్నం మురీ మిక్చరు తేవడానికి పోయింది. మిగిలిన ఇద్దరూ ఇసకలో కూర్చున్నారు.

"ఆయన కూడా నన్నిక్కడికి తీసుకొస్తానన్నాడప్పా" అంది గౌతమి.

అచ్చియ్యమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"కంపెనీలో గేసు లీకైందని ఫోనొచ్చింది. నేనెల్లేసరికి గుడ్డ కప్పీసేరు. ఆకర్న ఏటన్నా అన్నాడా అని డాట్రుని అడిగేను, నర్సుల్ని అడిగేను. ఎవులికీ తెలీదన్నారు. నన్ను తలిసేడో లేదో..."

వెనక దగ్గు వినిపించింది.

అతనే.

"తప్పుగా అనుకోకమ్మా. నువ్వే. నాకు తెలుసు. నిన్ను ఫోన్లో సూసేను..."

మిగిలిన మాటను దగ్గు మింగేసింది.

గౌతమికి ఒళ్లు మండిపోయింది. మొగుడు లేని ఆడదంటే ఎంత లోకువ!

"ఎవడి ఫోన్లో సూసేవురా నన్ను?"

చెప్పు తీసింది. జనం మూగారు. ఎవరో కుర్రాడు అతని కాలరు పట్టుకుని చెంప మీద కొట్టాడు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. దగ్గే వచ్చింది.

"నీలాటోడు సస్తే బాగుణ్ను!" అని అరిచింది గౌతమి.

అతను ఆమెను ఒక్కసారి చూశాడు. ఇసకలో తడబడుతూ వెళ్లిపోయాడు.

చెరుకు నరికే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం కోటపాడు నుంచి వచ్చిన ఆటో దిగి, బొట్టు లేని నుదురుతో ఒకామె గౌతమి గుమ్మంలో నిలబడింది.

"నా పేరు అప్పలనరసమ్మ. డ్వాక్రావోల్లని అడిగి వచ్చేను. బీచికాడ మా ఆయన నీతో మాటాడేడట గదమ్మా. దాసు. దగ్గుతుంటాడు..."

తగువుకొచ్చిందనుకుంది గౌతమి. ముఖం ముడుచుకుంది.

"పోయేడమ్మా. ఊపిరితిత్తులు పాడైపోయేయి."

గౌతమి తల దించుకుంది.

"నిన్ను కలవకముందు ఆస్పత్రి మంచం మీద ఒకటే పోరు. చోడవరం ఎల్లాల, ఆ గుంటకి ఒక మాట సెప్పాల అని. ఏటా మాటంటే నాకు సెప్పడు. అది ఆ గుంట ఒక్కతే ఇనాల్సిన మాట అనీవోడు. నీ మొకం తెలుసట. మీ ఆయన కేంటీన్లో ఫోను తీసి నీ పోటో సూపించీవోడట."

గౌతమి గుమ్మం పట్టుకుంది.

"బీచి నించి వచ్చిన నాడు సెంప వాచిపోయుంది. జారిపడ్డానన్నాడు. 'సెప్పీసేనే, ఇని ఏడిసింది, మంచి గుంట' అన్నాడు. మల్లీ ఆ ఊసెత్తలేదు."

అప్పలనరసమ్మ ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"గేసులోకి మల్లీ ఎల్లి మీ ఆయన్ని బుజానేసుకుని బయటికి తెచ్చింది మా ఆయనే గదమ్మా, ఆ ఒల్లోనే గదా పేనం పోయింది... పోతా పోతా మీ ఆయన నీకేటి సెప్మన్నాడమ్మా?"