యేసేపు జీపు

కోటేకల్లు మిట్ట మీద జీపు మళ్ళీ ఆగిపోయింది.

"నిలిసిపాయెనా?" అన్నాడు వెనక నూలు మూటల మీద కూర్చున్న హమాలీ హుసేనప్ప, అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా.

"నిలవలే. అలుపు తీర్చుకుంటాంది," అంటూ దిగాడు దుర్గప్ప.

"నువ్వు కొని మూడు నెలలాయె. నడిసిందాని కన్నా నిలిసిందే ఎక్కువ. దీన్ని ఇల్లని రాయించి ఇంటిపన్ను కట్టుకోరాదా అన్నా?"

దుర్గప్ప బానెట్టు ఎత్తాడు. ఆదోనిలో ఏ పత్తిమిల్లు ఇంజనైనా సరే, దగ్గు విని రోగం చెప్పే మేస్త్రీ అతను. ఈ రోగం మాత్రం అంతు చిక్కలేదు. కొన్నది జీపు, చిల్లు పడింది జేబుకి. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. కాయిలు కొత్తది వేశాడు. కార్బురేటరు మూడుసార్లు కడిగాడు గానీ, కడుపులో ఉన్నది కడుక్కోలేకపోయాడు.

"ఆ నల్లమూత కింద సూసినావా?" హుసేనప్ప మెడ చాచాడు.

"ఆడ సూసేదేం లేదు."

ఉంది. అతని పాపమంతా ఆ మూత కిందే ఉంది.

జీపు ఎమ్మిగనూరు యేసేపుది. యుద్ధంలో బర్మా పోయి మిలిటరీ బండి తోలి, తిరిగొచ్చి మద్రాసు వేలంలో ఈ పాత జీపు పాడుకున్నాడు. దుర్గప్పకు స్టీరింగూ స్పానరూ పట్టడం నేర్పింది ఆయనే. ఒక మిలిటరీ కిటుకు కూడా చెప్పాడు.

"బండి యాడ ఆపినా, ఈ మూత తీసి రోటరు జేబులో ఏసుకోవాల తమ్ముడూ. బొటనేలంత ముక్క, ప్లగ్గులకు నిప్పురవ్వ పంచేది ఇదే. ఇది లేకుంటే ఎంత మొనగాడు తిప్పినా ఇంజను పలకదు. బండి ఎవడూ ఎత్తుకపోలేడు."

కర్నూలుకు రాజధాని పట్టిన యేడాది యేసేపుకు జ్వరం పట్టింది. మూడు వారాలు మంచాన ఉండి కన్నుమూశాడు. బండిలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, వచ్చి కొనుక్కోమని ఆయన భార్య మేరి దుర్గప్పకు కబురు పెట్టింది.

దుర్గప్ప వెళ్ళాడు. ఆమె మంచినీళ్ళు తేవడానికి లోపలికి పోయిన ఆ కాస్త సేపట్లో మూత తెరిచాడు, చూసీ చూడకుండా రోటరు పీకి జేబులో వేసుకున్నాడు. నాలుగు చక్రాల బండి కోసం నలభై వక్రాల బుద్ధి. ఆమె రాగానే హ్యాండిలు తిప్పాడు. తిప్పి తిప్పి, చివరికి తల అడ్డంగా తిప్పాడు.

"ఇంజను సచ్చిపోయింది వదినా. పాత ఇనుము కిందయితే తీసుకుంటా."

మేరి అతన్నీ, బండినీ మార్చి మార్చి చూసింది.

"అంతా సరిగ్గా సూసినావా దుర్గప్పా? ఉండాల్సిందంతా ఉందా?"

"ఉంది వదినా."

"నన్ను అడగాల్సిందేమన్నా ఉందా?"

"ఏముంటాది? ఇనుముతో మాట నాది గానీ, నీకేం తెలుస్తాది?"

"సరే, తీసుకో," అంది ఆమె.

ఎడ్లు కట్టి ఆదోనికి లాగించుకుపోయి, రోటరు పెట్టి తిప్పితే ఇంజను పలికింది. పలికింది గానీ, మాట మీద నిలబడలేదు. నాలుగైదు మైళ్ళు పోతే నత్తి పట్టి ఆగేది, చల్లారితే మళ్ళీ దగ్గేది. మూత ఎత్తిన ప్రతిసారీ దుర్గప్ప చూపు ఆ ముక్క మీద పడకుండా పక్కకు జారేది. చేతులు మిగతావన్నీ తడిమేవి, దాన్ని మాత్రం తాకేవి కావు. ప్లగ్గులు మారాయి, సిగ్గు మారలేదు. రోటరు తీసినవాడు రోట్లో తల పెట్టినట్టే, ఇంక రోకటి పోట్లు తినడమే మిగిలింది. సంతలో మేరి ఎదురుపడి "బండి ఎట్లుంది దుర్గప్పా?" అని అడిగినప్పుడల్లా ఒక పోటు.

మిట్ట మీద చల్లారిన జీపు మూలుగుతూ ఎమ్మిగనూరు చేరింది. చేరి, తీరా మేరి ఇంటి ముందు ఆగింది.

"జాగా బాగా సూసుకున్యాది," అని హుసేనప్ప మూట భుజానికెత్తుకొని నడిచిపోయాడు.

మేరి కడవతో నీళ్ళు తెచ్చింది. "బండికి దప్పికైనట్టుంది. పోయప్పా."

ఆ రోజు కూడా ఆమె నీళ్ళే తెచ్చింది. దుర్గప్ప కడవ అందుకోలేకపోయాడు. మూత ఎత్తి, రోటరు పీకి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఆ పొద్దు నువ్వు నీళ్ళకు పోయినప్పుడు దీన్ని తీసి దాసుకుంటి వదినా. ఇంజను సావలే. నేనే సంపినా. అన్న నేర్పిన ఇద్దె అన్న ఇంటి మీదే సూపిస్తి. ఈ బండి నాకొద్దు. ఈడే ఇడిసిపోతా."

మేరి ఆశ్చర్యపోలేదు, తిట్టనూ లేదు. ఆ ముక్కను తిరగేసి ఎండకు పట్టి చూసింది.

"మూడు నెలలు పట్టిందే నీకు," అంది. లోపలికి పోయి, బైబిలు పెట్టిన పెట్టె తెరిచి, చిన్న గుడ్డమూట తెచ్చి అతని చేతిలో పెట్టింది. "అడిగినోనికో, తెచ్చిచ్చినోనికో ఇయ్యమన్నాడు మీ అన్న."

దుర్గప్ప ముడి విప్పాడు. లోపల ఇంకో రోటరు, గీటు కూడా పడనిది. అతను తలెత్తేసరికి మేరి పాత ముక్క అడుగున, వేడెక్కితే విచ్చుకునే వెంట్రుకంత చీలిక మీద గోరు పెట్టి చూపిస్తోంది.

"దొంగకని మీ అన్న పగిలిందే పెట్టిపోయినాడు."